గిన్నె ఎవరికో అడగకుండా అమ్మని మనిషి

మా అత్తమ్మ పోయింది. ఆ సంగతి చుట్టాలందరికీ మా ఆయన ఫోన్లు చేసి చెబుతున్నాడు. నేను షాపు ఫోను తీసుకుని ఓ మూలన కూర్చుని స్టేటస్‌లో రాశాను: ‘మా అత్తమ్మ ఈ పొద్దున కాలం చేసింది. కొన్నాళ్లు షాపు ఉండదు. పేర్లు ఇచ్చినవాళ్లు దయచేసి ఓపిక పట్టండి.’ ‘ఇంట్ల మనిషి పోతే ఫోన్ల ఏం పనే నీకు’ అని మా ఆడబిడ్డ కసిరింది. ఆమె తప్పేం లేదు, చూసేవాళ్లకు అట్లాగే ఉంటుంది. కానీ ఆ ఫోన్లో అవతల ఉన్నవాళ్లలో సగంమంది గిన్నె కొందామని వచ్చి, గిన్నె సంగతి పక్కన పెట్టి అత్తమ్మతో ముచ్చట్లలో పడ్డవాళ్లు. వాళ్లకు చెప్పకుండా ఎట్లా ఉంటాను?

కాసేపటికే జవాబులు రావడం మొదలైంది. ‘ఏ అమ్మ? ప్రశ్నలడిగే అమ్మేనా?’ అని ఒకరు. ‘అయ్యో, మా అమ్మాయి సీమంతం ఎట్లా జరిగిందో చెప్పమంది, ఇంకా చెప్పనేలేదు’ అని ఒకరు. కడప నుంచి ఒకాయన ఏమీ రాయకుండా, అత్తమ్మ ఉలితో ఆయన పేరు కొట్టి పంపిన చెంబు ఫోటో పెట్టాడు. వీళ్లలో ఒక్కరు కూడా ఆమెను చూసినవాళ్లు కాదు.

మాది వరంగల్ బజార్లో స్టీలు, ఇత్తడి గిన్నెల షాపు. మామయ్య పెట్టింది. ఆయన పోయాక అత్తమ్మే గల్లా దగ్గర కూర్చుంది. గిన్నె కొన్నవాళ్లకు దాని మీద పేరు కొట్టివ్వడం మా షాపుల్లో మొదటి నుంచీ ఉన్న పద్ధతి. పెళ్లి సామానైతే పెళ్లికూతురు పేరు, గృహప్రవేశమైతే ఇంటాయన పేరు. ఇప్పుడు అందరూ కరెంటు మిషన్ పెట్టి గీసేస్తున్నారు. అత్తమ్మ మాత్రం మామయ్య వాడిన చిన్న ఉలితోనే, సుత్తితో చుక్క పక్కన చుక్క పెడుతూ కొట్టేది. పీట మీద కూర్చుని, గిన్నెను రెండు పాదాల మధ్య బోర్లించి పట్టుకుని, వక్క నములుతూ కొట్టేది. పని గొప్పగా ఉండేదని నేననను. అక్షరాలు ఒక్కోసారి పైకెక్కేవి, ఒక్కోసారి కిందికి దిగేవి. ఎవరైనా మొహం చిట్లిస్తే, ‘నీ గిన్నెను నువ్వు గుర్తువడితే సాలు తియ్’ అనేది.

అసలు ఆమె ధ్యాస గిన్నెల మీద కన్నా కొనేవాళ్ల మీదే ఎక్కువ. ఎవరైనా వచ్చి బిందె చూపించమంటే ఆమె చెయ్యి అల్మారా వైపు పోయేది కాదు. ‘ఎవలకు?’ అని అడిగేది. బిడ్డకు అంటే, బిడ్డను ఏ ఊరికిచ్చిండ్రు, నల్లా ఇంట్లనే ఉన్నదా, బయటికెల్లి మోసుకొస్తదా, అత్త మంచిదేనా అని వరసగా అడిగేది. ఇదేదో అమ్మకం తెలివి అనుకునేరు. కాదు. ఎంతో మంది ఆ ప్రశ్నలకు జడిసి పక్క షాపుకు పోయిన రోజులున్నాయి. ఆమెకు నిజంగానే తెలుసుకోవాలని ఉండేది, అంతే.

ఒకసారి పరకాల వైపు నుంచి వచ్చిన ఒక రైతు ఒకే ఒక్క గ్లాసు అడిగాడు. ఎవలకు అంటే ‘ఊకెనే’ అన్నాడు. ‘ఊకెనే ఒక్క గిలాస ఎవలు కొంటరు బాపూ, ఇంట్ల ఎంతమందున్నరు?’ అంది. ఆయన నవ్వి, గ్లాసు సంచిలో వేసుకుని తప్పించుకున్నాడు. ఇక మాకు ఇంట్లో అదే గొడవ. మనవడు పుట్టాడా, ఇంటామెతో పోట్లాడి వేరే గ్లాసు పెట్టుకుంటున్నాడా, ఎవరింట్లోనైనా పోగొడితే బదులు కొన్నాడా. అన్నం వడ్డిస్తూ కూడా అదే ఆలోచన. ఆ తర్వాత ఎప్పుడో విత్తనాల కోసం వచ్చిన ఆయన బజార్లో కనబడితే, షాపు దిగి ఎదురుపోయి నిలబెట్టి అడిగింది. పొలం కాడ తాగడానికట, ఇంట్లో గ్లాసు తీసుకుపోతే భార్య కనిపెడుతోందట. అత్తమ్మ నవ్వుతూ వచ్చి కూర్చుని, ‘అడుగకపోతే ఎట్ల ఎరుకైతది’ అంది. ఆమె ఎప్పుడూ అనే మాట అది. ఆమె అనుకున్న కారణాల్లో ఒక్కటీ నిజం కాకపోవడం ఆమెకు ఇంకా నచ్చింది.

ఇట్లాంటి మనిషి చేతిలో షాపు ఎంతకాలం నడుస్తుంది? పెద్ద పెద్ద దుకాణాలు వచ్చాయి. పెళ్లి సామాను కూడా జనం ఫోన్లోనే తెప్పించుకుంటున్నారు. మా ఆయనకు కాజీపేటలో రైల్వే ఉద్యోగం, షాపు మీద ఆయనకు మొదటినుంచీ మనసు లేదు. పక్క సందులో మొబైల్ ఫోన్లు అమ్మే ఒకతను మా షాపు మడిగెను కిరాయికి అడిగాడు. మా ఆయన ఆదివారం పూట తీరిగ్గా తల్లి పక్కన కూర్చుని విషయం ఎత్తాడు.

‘కిరాయికిద్దామే అమ్మా. ఇంకెన్ని దినాలు దుమ్ము దులుపుతవు? ఇంట్ల రామా కృష్ణా అనుకుంట కూసో.’

అత్తమ్మ, ‘ఇంట్ల కూసుంటే నా తానికి ఎవలొస్తరు బిడ్డా?’ అని అడిగింది. కోపం లేదు, ఏడుపు లేదు, తెలియక అడిగినట్టే అడిగింది. ఆమెకు షాపంటే బేరం కాదు, రోజూ కొత్త మనుషులు వచ్చే గుమ్మం. అది మూసేస్తే ఆమె ఏమైపోతుందో నాకు కళ్ల ముందు కనబడింది. అప్పుడే నేను, ‘ఆన్‌లైన్ల పెట్టి చూద్దాం. జర టైమియ్యి’ అన్నాను. వచ్చే మేడారం జాతర దాకా చూద్దామని మా ఆయన ఒప్పుకున్నాడు. జాతరకు పోయేవాళ్లు వండుకోవడానికి గిన్నెలు కొనే రోజులు కాబట్టి, అప్పటికీ నడవకపోతే ఇక ఎప్పటికీ నడవదని ఆయన లెక్క.

ఆన్‌లైన్ అంటే ఏంటో ఆమెకు చెప్పబోతే, చెప్పడం ఆపి నేను జవాబులిచ్చుకోవాల్సి వచ్చింది.

‘గా ఫోన్ల దుకాణానికి కొనెటోళ్లు వస్తరా?’

‘రారు అత్తమ్మా. వాళ్లింట్లనే కూసొని చూస్తరు.’

‘మనల్ని చూస్తరా?’

‘మనల్ని చూడరు, గిన్నెలను చూస్తరు.’

‘మరి మనకు వాళ్లు కనవడరా?’

‘కనవడరు.’

‘బేరమాడరా?’

‘ఆడరు.’

ఆమె వక్క నమలడం ఆపింది. ‘గసొంటి దుకాణంల పొద్దెట్ల పోతది బిడ్డా?’ అంది. ఆ ప్రశ్న విని అప్పుడు నవ్వాను కానీ, ఈ వ్యాపారం చేసేవాళ్లు ఎవరైనా గుండె మీద చెయ్యి వేసుకుని దానికి జవాబు చెప్పగలరా?

ఫోటోలు తీయడం ఇంకో తంటా. స్టీలు గిన్నెను ఫోటో తీసి చూడండి, అందులో గిన్నె కన్నా తీసేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. నా నైటీ, మా ట్యూబ్‌లైటు, ఎదురుగా ఉన్న చెప్పుల షాపు బోర్డు, అన్నీ సాగిపోయి గిన్నె కడుపులో తేలేవి. చుట్టూ తెల్ల దుప్పట్లు కట్టి, వాటి మధ్య చిన్న సందులోంచి ఫోను దూర్చి తీశాను. ఒక ఇత్తడి బిందె ఫోటోలో మాత్రం అత్తమ్మ తొంగిచూస్తున్న మొహం పడింది. తీసేస్తానంటే, ‘ఉండనీ. అమ్మేటోళ్లు ఎవలో వాళ్లకు సుత ఎరుక కావాలె గద’ అని ఒప్పుకోలేదు. నేను వినకుండా తీసేశాను. మా గిన్నెలు అమ్మకానికి పెట్టిన ఆన్‌లైన్ కంపెనీ నియమం అది, ఫోటోలో మనుషులు కనబడొద్దట.

మొదటి ఆర్డర్లు వచ్చాయి. ఆ సంతోషంలో నేను అట్టపెట్టెల కోసం పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి అత్తమ్మ గిన్నెలన్నీ పాత పేపర్లలో చక్కగా చుట్టి పెట్టింది. నేను వాటిని పెట్టెల్లో పెట్టి, లేబుళ్లు అంటించి, కొరియర్‌కు ఇచ్చేశాను. ఆ తర్వాత వచ్చిన ఆర్డర్లకూ ఆమే చుట్టింది. ఎంత బాగా కలిసొచ్చిందో అని మురిసిపోయాను.

పోయినవి పోయినట్టే ఒక్కొక్కటీ వాపసు వచ్చాయి. ‘వాడిన సామాను పంపారు’ అని ఫిర్యాదు. ‘ఎవరి ఇంట్లోనో గిన్నె కడిగి పంపినట్టున్నారు’ అని ఇంకొకరు. ‘మా బాస్ గృహప్రవేశానికి కొన్నాను, దాని మీద నా పేరెందుకు ఉంది’ అని ఒకామె. నాకేమీ అర్థం కాలేదు. పెట్టె విప్పి, పేపరు తీసి, గిన్నె తిరగేస్తే తెలిసింది. అడుగున చుక్కల్లో పేరు. ఇంగ్లీషులో.

అత్తమ్మకు ఇంగ్లీషు రాదు. నేను ప్రింటు తీసి పెట్టిన లేబుల్ మీద పైన ఉన్న వరస కొనేవాళ్ల పేరని అడిగి తెలుసుకుంది. ఆ వరసను బొమ్మ దించినట్టు చూసి కొట్టేసింది. వంకర పోయిన ఆ అక్షరాల్లో అది తమ పేరేనని చాలామంది పోల్చుకోలేకపోయారు. గిన్నె అమ్మితే పేరు కొట్టివ్వాలి కదా, ఫోన్లో అమ్మితే మాత్రం వట్టి గిన్నె పంపుతామా అని ఆమె అనుకుంది. నాకు చెప్పాలని కూడా ఆమెకు తోచలేదు, తాళం వేసి షాపు మూసినట్టు అది మామూలు పని. బయటి ఊళ్లవాళ్లకు పేరున్న గిన్నె అంటే ఎవరో వాడిన గిన్నె. ఆ సంగతి ఆమెకే కాదు, పెళ్లి గిన్నెలన్నిటి మీదా పేర్లు చూస్తూ పెరిగిన నాకూ తెలియదు. అన్నిటినీ మించి, ఒక పప్పు గిన్నె అడుగున ‘మమ్మీ ఆఫీస్’ అని ఉంది. ఎవరో ఆర్డరులో పేరు దగ్గర అదే రాసుకున్నాడు పాపం.

ఫిర్యాదులు ఎక్కువయ్యాయని ఆన్‌లైన్ కంపెనీ మా ఖాతా ఆపేసింది. వాళ్లననడానికి ఏముంది, వాళ్ల నియమం వాళ్లది. నాకు మాత్రం తల పగిలిపోయింది. ‘ఎవలు కొట్టమన్నరు అత్తమ్మా? జాతర దాకా సుత లేకపాయె, గిప్పుడే మూతవడ్డది’ అని షాపు మధ్యలో నిలబడి గట్టిగానే అన్నాను. ఆమె నా మాట వింటున్నట్టే లేదు. వాపసు వచ్చిన గిన్నెలన్నీ వరసగా బోర్లించుకుని, ఒక్కొక్క పేరు మీద వేలు పెట్టి తడుముతోంది.

‘పేరుంటే పాతదంటరా?’ అని అడిగింది. ‘మరి ఆళ్ల గిన్నె పక్కింటికి పోతే ఎట్ల వాపసొస్తది?’

‘వాళ్లు పక్కింటికి గిన్నెలియ్యరు అత్తమ్మా.’

‘కూర సుత ఇచ్చుకోరా?’

‘ఏమో, నాకేం ఎరుక?’

‘ఎరుక లేకపోతే అడుగాలె గద. ఫోన్ చెయ్యి.’

వద్దంటే ఊరుకునే మనిషి కాదు. మమ్మీ ఆఫీస్ గిన్నె వచ్చిన పెట్టె మీద ఒక నంబరు ఉంది. చేసి ఆమె చేతికిచ్చాను. తిట్లు తిని కాస్త బుద్ధొస్తుందని కూడా నా లోపల ఉంది, దాచుకోవడం ఎందుకు.

‘బిడ్డా, వరంగల్‌కెల్లి మాట్లాడుతాన. గిన్నెలమ్మేదాన్ని. నీ గిన్నె మాకు వాపసొచ్చింది. ఎందుకు నచ్చలే?’

అవతల హైదరాబాద్ కుర్రాడు. ‘దాని మీద ఎవరిదో పేరుందండీ. పాతది పంపారు’ అన్నాడు చిరాగ్గా.

‘కొత్తదే బిడ్డా. గా పేరు నువ్విచ్చిందే, నేను కొట్టిన. ఇంతకు ఎవలకు గా గిన్నె?’

‘మా అమ్మకు’ అన్నాడు. పార్శిల్ వాళ్లమ్మ పనిచేసే ఆఫీసుకు పోవాలని గుర్తుకోసం అట్లా రాశాడట.

‘మీ అమ్మకు పేరు లేదా?’

ఉందన్నాడు. చెప్పాడు. ఇక అత్తమ్మ వదల్లేదు. ఏం ఆఫీసు, ఎప్పుడు దిగిపోతది, ఇంట్ల పప్పు ఎవలు వండుతరు, ఉన్న గిన్నెకు ఏమైంది. నేను పక్కన నిలబడి చాలు చాలు అని సైగలు చేస్తూనే ఉన్నాను. ఉన్న గిన్నె అడుగంటుతోందని అమ్మ ఎప్పుడూ గొణుగుతుందని, ఈ నెలలో ఆమె రిటైరవుతోందని, అందుకే కొన్నానని ఆ అబ్బాయి చెప్పాడు. గొంతులో చిరాకు ఎప్పుడు పోయిందో నేను గమనించనేలేదు. ఆఖరికి ఆ అబ్బాయే, ‘అమ్మ పేరు కొట్టి మళ్లీ పంపిస్తారా?’ అన్నాడు. ఫోను పెట్టేసి అత్తమ్మ నా వైపు చూసింది. ‘ముందే అడిగి ఉంటే అయిపోతుండె’ అంది. అడగాల్సింది నేనట.

అప్పుడు మొదలైంది మా అసలు ఆన్‌లైన్ షాపు. ఇంకొకరి కంపెనీలో కాకుండా సొంతంగా ఒక పేజీ పెట్టాం. అందులో అత్తమ్మ చేతులు పేరు కొడుతున్న చిన్న చిన్న వీడియోలు పెట్టాను. కింద షాపు నంబరు. ఎవరైనా ధర అడిగితే, ధరతో పాటు ఆమె గొంతు కూడా పోయేది: ‘ఎవలకు? పేరేంది? ఏం వండుకుంటరు?’ సగంమంది మళ్లీ కనబడేవాళ్లు కాదు. ‘ఇది షాపా, పెళ్లిచూపులా?’ అని ఒకాయన రాస్తే మా ఆయన వారం రోజులు అదే చెప్పుకుని నవ్వాడు. కానీ మిగిలిన సగంమంది జవాబిచ్చేవాళ్లు. పెద్ద పెద్ద జవాబులు. ఒక్క గిన్నె కూడా వాపసు రాలేదు.

మధ్యాహ్నం బజారు ఖాళీగా ఉన్నప్పుడు ఆ జవాబులు వినిపించమని కూర్చునేది. నేను వినిపిస్తుంటే కళ్లు మూసుకుని వినేది. బెంగళూరు నుంచి ఒకామె కన్నడంలో పేరు కొట్టమని రాసి పంపితే, ఆ కాగితం పట్టుకుని పొద్దంతా చూసింది. ‘గిది మన అక్షరమే బిడ్డా. తలకట్టు ఒక్కటి సాపుగ పెట్టుకున్నరు, మనోళ్లు వంకర పెట్టుకున్నరు’ అని కొత్త చుట్టరికం కనిపెట్టినంత సంబరపడింది. ఒకాయన తమ కుక్క తిండి గిన్నె మీద పేరు కొట్టమన్నాడు. మనిషి పేరే. కుక్కకు ఆ పేరు ఎవలు పెట్టిండ్రు, ఆ పేరుగల మనిషి ఇంట్ల ఉన్నడా, పిలిస్తే ఇద్దరు పలుకుతరా అని అడిగి అడిగి, అది ఆయన మేనమామ పేరని, ఆ మేనమామకు ఈ సంగతి తెలియదని రాబట్టింది. ఆ గిన్నె కొడుతున్నంతసేపూ నవ్వుతూనే ఉంది.

విజయవాడ నుంచి ఒకామె వాయిస్ పంపింది. పెళ్లినాటి గిన్నెలన్నిటి మీదా తన పేరు పక్కన ఆయన పేరు కూడా ఉందని, ఇప్పుడు తానొక్కతే వేరే ఇంట్లో ఉంటోందని, కుక్కరు నుంచి గరిటె దాకా అన్నీ కొత్తవి కావాలని, అన్నిటి మీదా తన ఒక్కదాని పేరే ఉండాలని. ఏం జరిగిందో చెప్పలేదు. నేను అత్తమ్మ వైపు చూశాను, ఇప్పుడు మొదలుపెడుతుంది చూడు అనుకుంటూ. ఆమె ఏమీ అడగలేదు. ఎవలకు అని కూడా అడగలేదు. ‘పేరు పెద్దగ కొట్టన్నా, చిన్నగ కొట్టన్నా?’ అని మాత్రం అడగమంది. పెద్దగా, అని జవాబొచ్చింది. గరిటె కాడ మీద పట్టనంత పెద్దగా కొట్టింది. ఆమెకు అడగడం ఎంత తెలుసో ఊరుకోవడమూ అంత తెలుసని ఆ రోజే చూశాను. అదిగో, ఆ రోజు నుంచి ఆమె మీద నాకు గౌరవం ఇంకో రకంగా మారింది.

మేడారం జాతర వచ్చింది, పోయింది. షాపు గొప్పగా నడిచిందని అబద్ధం చెప్పను. కరెంటు బిల్లుకు, మాకు చాయ్ నీళ్లకు వెతుక్కోకుండా నడిచింది. మొబైల్ షాపు అతను మళ్లీ అడిగితే, ‘అమ్మకు పొద్దుపోతాంది తమ్మీ, అమ్మ ఉన్నన్ని దినాలు ఉండనీ’ అన్నాడు మా ఆయన. ఆ మాటలో ఉన్న గడువు నేను విన్నాను. అత్తమ్మ కూడా విన్నదనే అనుకుంటాను.

ఈ చలికాలం ఆమెకు ఊపిరి ఆడక దవాఖానలో పెట్టాం. అక్కడా అంతే. నర్సమ్మది ఏ ఊరో, డ్యూటీ ఎప్పుడు దిగుతుందో, పక్క మంచం మనిషికి ఎవరూ రారెందుకో అన్నీ కనుక్కుంది. ముక్కుకు ఆక్సిజన్ పెడితే, ‘గీ గాలి యాడికెల్లి తెస్తరు?’ అని వేలు చూపించి అడిగింది. నర్సమ్మ చెప్పింది. శ్రద్ధగా వింది. ఇంటికి తెచ్చాక కొన్ని రోజులు బాగానే ఉంది, ఒక పొద్దున చాయ్ తీసుకుని వెళ్లేసరికి లేదు. ఏడ్చాను. అత్త కోసం అంత ఏడుస్తుందా అని చూసినవాళ్లు అనుకుంటే అనుకోనీ.

దశదిన కర్మకు వచ్చినవాళ్లకు పోయినవాళ్ల పేరు కొట్టిన గిన్నె ఇవ్వడం మావైపు ఉంది. ఇంతకాలం ఎవరి ఇంట్లో దినాలైనా ఆ పేర్లు కొట్టింది అత్తమ్మే. ‘మిషన్ల కొట్టిద్దాం, జల్దీ అయితది’ అన్నాడు మా ఆయన. నేను జవాబు చెప్పకుండా పీట వేసుకుని కూర్చున్నాను. నాకు ఆ పని రాదు. అత్తగారి పేరు నోటితో పలకడం మా ఇళ్లల్లో కోడళ్లకు అలవాటు లేదు, కాబట్టి ఆ పేరు నా నుంచి బయటికి రావడం కూడా అదే మొదటిసారి, ఒక్కో చుక్కగా. ఉలి జారుతోంది, గిన్నె తిరిగిపోతోంది. చూసి చూసి మా ఆయన ఎదురుగా కూర్చుని గిన్నెను రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు.

ఆ పని జరుగుతుండగానే ఫోన్లో ఇంకో రకం మెసేజీలు రావడం మొదలైంది. ‘అమ్మ పేరేమిటండీ?’ అని ఎవరో అడిగారు. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. అప్పుడు తట్టింది నాకు. వాళ్లందరి పేర్లూ, వాళ్ల అమ్మల పేర్లూ, పిల్లల పేర్లూ ఆమెకు తెలుసు. ఆమె పేరు ఒక్కరికీ తెలియదు. ఆమె ఎన్నడూ చెప్పుకోలేదు, వాళ్లు అడిగే సందు ఎక్కడిచ్చింది గనక? నేను రాసి పంపాను. వాళ్లలో కొందరు, ఆ పేరుతో ఒక గిన్నె మాకూ పంపుతారా అని అడిగారు.

‘వాళ్లకెందుకు?’ అన్నాడు మా ఆయన.

‘అడిగిండ్రు’ అన్నాను.

చుట్టాలకు కొట్టిన గిన్నెలతో పాటు వాళ్లకూ కొట్టాను. పెట్టెల్లో పెట్టి పంపేశాం. కర్మలు అయిపోయాయి, ఆడబిడ్డ వాళ్లూ వెళ్లిపోయారు. మొబైల్ షాపు అతను టేపు పట్టుకుని కొలతలకు వచ్చాడు. పాపం మంచివాడే, సంతాపం చెప్పి, కాసేపు తల వంచుకుని కూర్చుని, తర్వాతే టేపు తీశాడు. అంతకు ముందు రోజే మా ఆయన నాతో అన్నాడు: ‘అమ్మ కోసమే గద నడిపినం. ఇగ ఎవల కోసం?’ నాకు ఇష్టం కాబట్టి అని చెప్పడానికి నోరు రాలేదు. అతను గోడ పొడవు కొలుస్తుంటే అల్మారాల్లో గిన్నెలు సర్దుతున్నట్టు నటిస్తూ నిలబడ్డాను.

షాపు ఫోను మోగింది. మహారాష్ట్రలోని బల్లార్షా నుంచి ఒకామె మెసేజ్. వాళ్లది ఒకప్పుడు మన కరీంనగర్ వైపేనట, ఇప్పుడు చుట్టుపక్కల అందరూ మరాఠీవాళ్లేనట. ఫోటో పెట్టి, కింద రాసింది. నేను చదివి, గల్లా దగ్గర కూర్చున్న మా ఆయన చేతికి ఫోను ఇచ్చాను. ఆయన పైకి చదివాడు.

‘గిన్నె అందింది అక్కా. నిన్న అందులో పులిహోర పెట్టి పక్కింటామెకు ఇచ్చాను. ఈ రోజు గిన్నె వాపసు ఇస్తూ, దీని మీద ఏదో రాసుంది, ఎవరి పేరు అని అడిగింది. మొత్తం చెప్పాలంటే పెద్ద కథ కదా. ఏం చెప్పాలో తెలియక, మా ఇంటి పెద్దామె అని చెప్పాను.’

మా ఆయన ఇంకోసారి చదువుకున్నాడు, ఈసారి మనసులో. టేపు పట్టుకున్నతను, ‘అన్నా, లోపటి అర్ర సుత కొల్వన్నా?’ అని అడిగాడు. ‘వద్దు తమ్మీ’ అన్నాడు మా ఆయన. ‘వేరే మడిగె చూసుకో. మాదింక నడుస్తాంది.’ ఫోను నా చేతిలో పెట్టి, ముఖం కడుక్కునే వంకతో లోపలికి వెళ్లాడు.

నేను ఆ ఫోటో పెద్దది చేసి చూశాను. ఎవరిదో వంటింటి గట్టు. కిటికీలోంచి ఎండ పడుతోంది. అప్పుడే కడిగి బోర్లించిన గిన్నె, తుడవకుండానే ఫోటో తీసినట్టుంది. పైన ఉన్న నీళ్లన్నీ జారిపోయి, వంకరగా ఎక్కి దిగిన ఆ పేరులో ఒక్కో చుక్కలో మాత్రం కాసిన్ని నీళ్లు నిలిచి మెరుస్తున్నాయి.